వెనక సీటులోంచి రావాల్సిన మాట

హ్యూస్టన్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా నన్ను పరిచయం చేసే పద్ధతి ఒకటే. "అంకుల్ స్పేస్ ఏజెన్సీలో పైలట్" అంటారు. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు. "చంద్రుడి మీదికి వెళ్ళారా?" అని వాళ్ళలో ఒకడు అడుగుతాడు. లేదు నాన్నా, వెళ్ళబోయేవాళ్ళని ఎల్ పాసో దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చేవాణ్ణి అంటాను. వాడు మొహం ముడుచుకుని పిజ్జా దగ్గరికి పోతాడు.

రిటైరయ్యాక తీరిక దొరికింది కాబట్టి ఆ పని ఏమిటో కాస్త వివరంగా చెబుతాను. మీలో చాలామంది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, విమానాలతో మీకేం పని అనుకోకండి. నేను చెప్పబోయే తప్పు మీ ఆఫీసుల్లో కూడా వారానికొకసారి జరుగుతూనే ఉంటుంది. మీ దగ్గర పెట్రోలు అయిపోదు, అంతే తేడా.

మావి రెండు సీట్ల జెట్లు. వాటిలో కూర్చునే వ్యోమగాములకంటే వాటి వయసే ఎక్కువ. అంత పాతవాటిని ఇంకా ఎందుకు ఎగరేస్తారంటే, సిమ్యులేటర్లో చచ్చిపోతే కాఫీ తాగొచ్చి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. జెట్‌లో ఆ సౌకర్యం లేదు. నిజమైన మబ్బు, నిజమైన పెట్రోలు, నిజమైన భయం. వ్యోమగాముల్లో పైలట్లు కానివాళ్ళు, అంటే డాక్టర్లూ, భూగర్భ శాస్త్రవేత్తలూ లాంటివాళ్ళు, వెనక సీట్లో కూర్చుంటారు. రేడియో, దారి, పెట్రోలు వాళ్ళు చూసుకోవాలి. ముందు సీట్లో నాలాంటి ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు. నేను పద్నాలుగో ఏట కాకినాడ నుంచి అమ్మానాన్నలతో వచ్చి, ఇక్కడే చదివి, ఎయిర్ ఫోర్స్‌లో చేసి, ఆ తర్వాత ఇరవయ్యేళ్ళ దాకా ఆ ముందు సీట్లోనే కూర్చున్నాను.

మాకో నియమం ఉండేది. బయల్దేరేముందు పెట్రోలుకి ఒక అంకె అనుకుంటాం. ఎగిరేటప్పుడు పెట్రోలు ఆ అంకెకి దిగేసరికి, గమ్యం దగ్గర వాతావరణం బాగా లేకపోతే, వెనక సీటులోంచి ఒక్క మాట రావాలి. అది మేం దిగాల్సిన ఇంకో ఊరి పేరు. ఎల్ పాసో నుంచి హ్యూస్టన్ వచ్చే దారిలో ఆ ఊరు ఆస్టిన్. ఆ మాట చెవిన పడ్డాక ముందు సీటువాడు ఎందుకని అడక్కూడదు, వాదించకూడదు. ముక్కు ఆస్టిన్ వైపు తిప్పాలి. నేల మీదికి వచ్చాక ఎంతసేపైనా పోట్లాడుకోవచ్చు. ముందు సీటువాడికి కనబడదా ఆ అంకె అంటారేమో, కనబడుతుంది. కానీ ఇంటికి పోవాలన్న ఆత్రంలో మనిషి కళ్ళు ఎంత మోసం చేస్తాయో తెలిసినవాళ్ళు పెట్టిన నియమం అది.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఈ దేశంలోనే, పిస్కాటవేలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఎమర్జెన్సీ రూమ్ డాక్టరు. ముప్ఫై రెండేళ్ళకి వ్యోమగామి శిక్షణకి ఎంపికై మా దగ్గరికొచ్చింది. ఒకసారి ఆపరేషన్ మధ్యలో తనకంటే పాతికేళ్ళు సీనియర్ అయిన సర్జన్‌ని "స్టాప్" అని అరిచి ఆపిందని, ఆ సర్జనే సిఫారసు ఉత్తరంలో రాశాడట. మొదటి రోజు నా దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, "నమస్తే అంకుల్" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ హ్యాంగర్లో ఇరవయ్యేళ్ళలో ఎవరూ నన్ను అలా పిలవలేదు.

మరుసటి ఆదివారమే భోజనానికి పిలిచాం. మా ఆవిడ గుత్తొంకాయ చేసింది. ఆ తర్వాత నెలకి రెండుసార్లయినా వచ్చేది. వచ్చీరాని తెలుగులో ఆంటీతో కబుర్లు చెప్పేది. నేను చెప్పిన పాత కథలన్నీ బుద్ధిగా వినేది, రెండోసారి చెబుతున్నా "ఇది చెప్పారు అంకుల్" అనేది కాదు. పిల్ల ఎంత మర్యాదస్తురాలో అని మేమిద్దరం మురిసిపోయాం. ఆ మర్యాద ఎక్కడికి దారి తీస్తుందో నాకు తట్టనే లేదు.

మనవాళ్ళ పిల్లని చూసీ చూడనట్టు వదిలేశాడని ఎవరైనా అంటారేమోనని రిపోర్టుల విషయంలో మాత్రం మరీ కచ్చితంగా ఉండేవాణ్ణి. మొదటి ఏడాదిలో రెండుసార్లు "చెప్పాల్సిన మాట ఆలస్యంగా చెబుతోంది" అని రాశాను. అలాంటి రిమార్కు మూడోది పడితే కమిటీ కూర్చుంటుంది. గంటన్నర ప్రయాణంలో నోరు విప్పని మనిషిని ఆరు నెలలు అంతరిక్షంలో ఎవరు నమ్ముతారు? వరసలోంచి పేరు తీసేసి ఏదో ఆఫీసు పని అప్పగిస్తారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజు శ్రావణ శుక్రవారం. ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. పొద్దున బయల్దేరుతుంటే మా ఆవిడ, "ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి. ఆ పిల్లని కూడా తీసుకురండి, తాంబూలం ఇవ్వాలి" అంది. సరేనన్నాను. ఎల్ పాసోలో పెట్రోలు పోయించుకుని మధ్యాహ్నం వెనక్కి బయల్దేరాం. హ్యూస్టన్ చుట్టూ ఉరుములు, మెరుపులు ఉండొచ్చని ముందే చెప్పారు. ఆగస్టులో టెక్సస్ తీరంలో అది రోజూ ఉండేదే.

ఆస్టిన్ దగ్గరపడేసరికి హ్యూస్టన్‌కి రెండు పక్కలా మబ్బులు పేరుకున్నాయి. మధ్యలో సన్నటి సందు ఉంది. మా ఉద్యోగంలో మొదటి నెలలోనే నేర్పే పాఠం, ఆ సందుని నమ్మొద్దని. నేనే వందమందికి నేర్పాను.

వెనక నుంచి చిన్న గొంతుతో వినబడింది. "అంకుల్, ఫ్యూయల్ ఒకసారి చెక్ చేద్దామా?"

విమానంలో మేం ఇంగ్లీషులోనే, పేర్లు పెట్టే మాట్లాడుకోవాలి. ఆమె అలా పిలిచిందని కూడా నాకు ఆ క్షణాన స్ఫురించలేదు. ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర అన్నట్టే, "చూశాన్లేమ్మా. గ్యాప్ ఉంది, వెళ్ళిపోదాం" అన్నాను.

ఇంకో నిమిషంలో అంకె వచ్చింది. నేను చూశాను. ఆమె కూడా చూసింది. ఆస్టిన్ ఎడమ రెక్క కింద స్పష్టంగా కనబడుతోంది. వెనక నుంచి మాట రాలేదు. ఆమె అనలేదు కాబట్టి ఫరవాలేదని నేను అనుకున్నాను. అంకుల్ తిప్పలేదు కాబట్టి ఫరవాలేదని ఆమె అనుకుంది. ఒకరిని చూసుకుని ఒకరం ధైర్యం తెచ్చుకుంటూ, గంటకి ఐదొందల మైళ్ళ వేగంతో మబ్బులోకి పోయాం.

సందు మూసుకుపోయింది. హ్యూస్టన్‌లో ఎవర్నీ దిగనివ్వడం లేదని రేడియోలో చెప్పారు. ఆస్టిన్‌కి తిరిగి వెళ్ళేంత పెట్రోలు లేదు. ఉత్తరాన ఉన్న యూనివర్సిటీ ఊరి ఎయిర్‌పోర్టు ఒక్కటే అందుబాటులో ఉంది. పక్కగాలి కొడుతుంటే అక్కడ దించాను. ఆ దించడం కుదరకపోతే మళ్ళీ పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి రావడానికి ట్యాంకులో చుక్క మిగల్లేదు. సీట్లు పేల్చుకుని ప్యారాచూట్‌తో దూకడమే గతి. ఇంజన్లు ఆపాను. ఆమె నిచ్చెన దిగి, తారు మీద నిలబడి, "సారీ అంకుల్" అంది.

వాన వెలిశాక పెట్రోలు నింపుకుని హ్యూస్టన్ వచ్చాం. అక్కడ మా చీఫ్ ఎదురుచూస్తోంది. నెబ్రాస్కా మనిషి, ఒకప్పుడు నేవీ పైలట్, నాకంటే పదేళ్ళు చిన్నది. తప్పు జరిగితే ముగ్గురం గదిలో కూర్చుని మాట్లాడుకోవడం రివాజు. ఎవరూ నోరు తెరవకముందే ముందు సీటువాడు తన తప్పు బోర్డు మీద రాయాలి. నేను మార్కర్ తీసుకుని "వాతావరణం అంచనా తప్పాను" అని రాశాను. అందులో అబద్ధం లేదు. అబద్ధం కాని మాటల్లో అంతకంటే పిరికిమాట నేను మరొకటి రాయలేదు.

"అంకె వచ్చినప్పుడు ఎవరైనా చెప్పారా?" అని చీఫ్ అడిగింది.

"లేదు. చెప్పాల్సింది నేను. చెప్పలేదు" అంది ఆ అమ్మాయి.

చీఫ్ నా వైపు చూసింది. నేను బోర్డు వైపు చూశాను. ఆ అమ్మాయి పెట్రోలు సంగతి ఎత్తిందని, ఎత్తితే నేనే నోరు మూయించానని చెప్పడానికి పది మాటలు చాలు. ఆ పది మాటలు నా నోట్లోంచి రాలేదు. అరవై ఏళ్ళు దాటినవాడు ఇలాంటి పని చేశాడంటే రేపటి నుంచి ఎగరనిస్తారా అన్న లెక్క ఒక్కటే బుర్రలో తిరిగింది. చీఫ్ కాగితం మీద ఏదో రాసుకుని, "సోమవారం కమిటీకి పంపిస్తాను" అంది.

ఆ అమ్మాయీ నేనూ ఇంటికి వెళ్ళేసరికి పేరంటాళ్ళంతా వెళ్ళిపోయారు. మా ఆవిడ మాత్రం ఆ అమ్మాయి కోసం కలశం కదపకుండా ఉంచింది. పీట మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, శనగలూ తమలపాకులూ ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల లేచి ముందు ఆంటీ కాళ్ళకి, తర్వాత నా కాళ్ళకి వంగి దణ్ణం పెట్టింది. "అంతా శుభమే జరుగుతుందమ్మా" అన్నాను. అంత సిగ్గుపడ్డ క్షణం నా జీవితంలో ఇంకొకటి లేదు.

శనివారం పొద్దున కాఫీ కలుపుతూ మా ఆవిడ అడిగింది. "ఆ పిల్ల మొహం నిన్న అలా ఉందేమిటి? పులిహోర కూడా ముట్టుకోలేదు."

జరిగిందంతా చెప్పాను. బోర్డు సంగతి కూడా. ఆవిడ స్టవ్ ఆర్పి నా ఎదురుగా కూర్చుంది.

"అంకుల్ అని పిలిపించుకున్నదెవరు?"

"నేనే."

"పిలిస్తే పొంగిపోయిందెవరు?"

"నేనేలే."

"మరి పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని పెంచిన పిల్ల, అంకుల్‌కి ఎలా ఎదురు చెబుతుందండీ? నేనే నలభయ్యేళ్ళ నుంచి కార్లో లెఫ్ట్ తిప్పండంటే మీరు తిప్పరు. నేను చెప్పడం మానేశాను." ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. నేను లేచి లాన్ కోయడానికి వెళ్ళిపోయాను. సగం కోసి, మిషన్ అక్కడే వదిలేసి చీఫ్‌కి ఫోన్ చేశాను. సోమవారం కమిటీ కంటే ముందు తనని కలవాలన్నాను.

సోమవారం పొద్దున ఆమె గదిలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. సొరుగు తీసి, ఆ అమ్మాయి మీద వచ్చిన రిపోర్టులన్నీ టేబుల్ మీద పరిచింది. ఆమె మాటలు తెలుగులో రాస్తున్నాను గానీ, ఆ పొడిదనం తేవడం నా వల్ల కాదు.

"ఇవి మిగతా పైలట్లు రాసినవి. 'స్పష్టంగా చెబుతుంది.' 'వెంటనే చెబుతుంది.' ఇదిగో, 'నన్ను నోరు మూసుకుని ఎత్తు చూసుకోమంది, ఆమె అన్నది కరెక్టే.' ఇవి రెండూ నువ్వు రాసినవి. ఆలస్యం, ఆలస్యం. వాళ్ళ విమానాల్లో లేనిది నీ విమానంలో ఏముంది?"

రెండేళ్ళుగా నేను కచ్చితంగా ఉన్నాననుకుంటూ నా జబ్బుని ఆ అమ్మాయి పేరు మీద రాస్తున్నానన్నమాట. కుర్చీలో కూలబడి, అంకుల్ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను.

"నువ్వు ఆమె తండ్రికి తమ్ముడివా?"

"కాదు."

"ఆమె తల్లికి?"

"కాదు. మాలో తండ్రి వయసున్న ప్రతివాడూ అంకులే."

చీఫ్ రిపోర్టులన్నీ దగ్గరికి చేర్చింది. "మంచి పద్ధతే. నేల మీద" అంది.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. రెండు నెలలు నన్ను ఇన్‌స్ట్రక్టర్ పని నుంచి తప్పించి, నేను శిక్షణ ఇచ్చిన ఒక కుర్ర పైలట్ చేతే నాకు పరీక్షలు పెట్టించింది. కమిటీ ఆ అమ్మాయి మీద మూడో రిమార్కు రాయకుండా ఆపింది గానీ కొట్టెయ్యలేదు. ఆమె నోరు విప్పలేదన్నది నిజమే కదా. "మాట ఎవరి ముందు ఆగిపోయిందో వాళ్ళ ముందే రావాలి. ఆ తర్వాతే ఫైలు మూస్తాం" అని చీఫ్ తేల్చి చెప్పింది. అప్పటిదాకా ఏ ప్రయాణానికీ ఆమె పేరు పరిశీలించరు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయిని పార్కింగ్ లాట్‌లో ఆపి క్షమాపణ అడిగాను. బోర్డు దగ్గర నేను చెప్పాల్సింది చెప్పలేదన్నాను.

"నేనూ చెప్పలేదు కదా అంకుల్" అంది. "హాస్పిటల్లో నాకు ఎవరైనా ఒకటే. కానీ మీ వాయిస్ డాడీ వాయిస్ లాగా ఉంటుంది. మీరు 'చూశాన్లేమ్మా' అన్నారు కదా, అప్పుడు నేను ట్వెల్వ్ ఇయర్స్ ఓల్డ్ అయిపోయాను."

ఆ మాట నేను చాలాకాలం మోశాను. ఎంత ప్రేమగా అన్నా, పన్నెండేళ్ళ పిల్లని చేసి పైకి తీసుకెళ్ళాను నేను. మీలో టీమ్ లీడ్‌లూ, మేనేజర్లూ ఉంటే ఒకసారి చూసుకోండి. మీ దగ్గర కుర్రాళ్ళు మర్యాదగా ఉన్నారని మురిసిపోయేముందు, మీ తప్పు చివరిసారి వాళ్ళు ఎప్పుడు చెప్పారో గుర్తు చేసుకోండి. నాకైతే ఒక్కటీ గుర్తు రాలేదు.

జనవరిలో నా రిటైర్మెంటు. మా దగ్గర పైలట్ ఆఖరిసారి దిగినప్పుడు పెద్ద వేడుక చేస్తారు. ఇంట్లోవాళ్ళని రన్‌వే దాకా రానిస్తారు. విమానం దిగీ దిగగానే తోటివాళ్ళు ఫైరింజన్ గొట్టంతో తడిపేస్తారు. మా అబ్బాయి నోవై నుంచి, అమ్మాయి బెంటన్‌విల్ నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చారు. మా ఆవిడ విమానం ఆకారంలో కేకు చేయించింది. ముప్ఫైమందిని పిలిచింది. ఆగస్టు తర్వాత మేమిద్దరం కలిసి ఎగిరే వంతు రానేలేదు. షెడ్యూలు చూస్తే వెనక సీట్లో ఆ అమ్మాయి పేరుంది. చీఫ్ దగ్గరికెళ్ళి, "ఈ ఒక్క రోజుకి వద్దు, పాపం, ఇబ్బంది పడుతుంది" అన్నాను. "ఈ ఒక్క రోజే మిగిలింది" అంది చీఫ్.

ఎల్ పాసోలో ఆకాశం కడిగినట్టుంది. తూర్పుకి వస్తుంటే సముద్రం మీంచి పొగమంచు లోపలికి వస్తోందని, హ్యూస్టన్‌లో దూరం కనబడటం తగ్గుతోందని కబురు వచ్చింది. ఇంకా మూసుకోలేదు. దిగొచ్చనే నాకు గట్టిగా అనిపించింది. గొట్టం పట్టుకుని నిలబడ్డ మనుషులూ, మనవరాలి చేతిలో పూలగుత్తీ కళ్ళముందు కదిలాయి. పెట్రోలు అంకె దగ్గరికొచ్చింది.

వెనక నుంచి నా పేరు వినబడింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు, ముందూ వెనకా ఏమీ లేకుండా. ఆ వెంటనే, "ఆస్టిన్."

తిప్పాను.

ఆస్టిన్‌లో మా కోసం ఎవరూ లేరు. పెట్రోలు పోసే మనిషొకడు కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని వచ్చి, ఎంత పొయ్యాలని అడిగాడు. ఆఖరి లాండింగేనా అని అడిగేవాళ్ళు లేరు. లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. అరగంటకి కబురు తెలిసింది. మంచు ఒడ్డు దగ్గరే ఆగిపోయిందట. హ్యూస్టన్ రన్‌వే ఆ సేపంతా తెరిచే ఉందట. మా వెనకే బయల్దేరిన ఇంకో జెట్ హాయిగా దిగిందట, జనం అది నేననుకుని చప్పట్లు కూడా కొట్టారట.

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. నేను ఫోన్ తియ్యబోతుంటే వద్దని, తనే మా ఆవిడకి చేసింది. స్పీకర్ ఆన్ చేసింది. "ఆంటీ, మేము ఆస్టిన్‌లో ల్యాండ్ అయ్యాం. నేనే చెప్పాను. అక్కడ వెదర్ బాగానే ఉంది అంట. ఐ యామ్ సో సారీ."

అవతల పిల్లల గోల వినబడుతోంది. "నువ్వు చెప్పగానే తిప్పారా?" అని అడిగింది మా ఆవిడ.

"తిప్పారు ఆంటీ."

"ఎందుకని అడగలేదూ?"

"లేదు."

"నేనింకా బతికుండగా చూస్తాననుకోలేదు" అంది మా ఆవిడ. "కేకు ఫ్రిజ్‌లో పెడతాను, రేపు రండి."

ఫైలు మూసేశారని, ఇప్పుడు ఆమె పేరు ఒక ప్రయాణం జాబితాలో ఉందని మీకు చెప్పేస్తే సరిపోతుంది. కానీ ఆ ప్లాస్టిక్ కుర్చీల దగ్గర నేనింకో మాట చెప్పాల్సి ఉంది. ఈసారి దాచుకోదలచుకోలేదు.

"నువ్వు ఆస్టిన్ అన్నప్పుడు నాకు కోపమొచ్చింది" అన్నాను. "అనకుండా ఉంటే బాగుండుననుకున్నాను."

"తెలుసు" అంది. "వెనక నుంచి నాకు మీ హెల్మెట్ ఒకటే కనపడుతుంది. అది కొంచెంసేపు కదల్లేదు. సెకండ్ టైమ్ చెప్పడానికి రెడీ అయ్యాను, అప్పుడు తిప్పారు."

"రెండోసారి ఎలా చెప్పేదానివి?"

ఆమె నా కళ్ళలోకి చూసింది.

"గట్టిగా అరిచేదాన్ని, అంకుల్."